బరాకా గదిలో గిన్నెలు

"ఒరే బరాకా! నా గిన్నె ఇచ్చీసేదుందా, నానే పైకి రావాలేటి?"

గంగాలమ్మ గొంతుకు వన్ టౌన్ సందు చాలదు. రేవులో చేపల వేలంపాట దగ్గర పదునెక్కిన గొంతు. ఆవిడ చెంగు బిగించి గులాం మొహమ్మద్ ఇంటి మెట్లెక్కుతుంటే, ఎదురింటి వీధరుగు మీద కూర్చున్న త్రినాథరావు పేపర్లోంచి తలెత్తలేదు. ఎత్తకపోయినా చెవులు మాత్రం మెట్ల వెంటే ఎక్కాయి. పొద్దున్నుంచి ఆ గదికి గిన్నె కోసం వచ్చినవాళ్ళలో గంగాలమ్మ మూడోది.

పైనుంచి నవ్వులు వినపడ్డాయి. తర్వాత టీ గ్లాసుల చప్పుడు. అరగంట దాటాక ఆవిడ కిందికి దిగింది, చేతులూపుకుంటూ.

"గిన్నె ఏదమ్మా?" అని గడపలోంచి గులాం భార్య జమాలున్నీసా అడిగింది.

"ఓలమ్మ, మర్సిపోనాను! మాటల్లో పడిపోనాను. రేపొస్తాన్లే."

త్రినాథరావు పేపరు పేజీ తిప్పాడు. ఆ పేజీ ఇందాకే చదివేశాడు.

బరాకాది టాంజానియా. యూనివర్సిటీలో ఇంజినీరింగు చదవడానికి విశాఖ వచ్చాడు. చదువయ్యాక ఓడల మరమ్మతు చేసే కంపెనీలో ఉద్యోగం దొరికింది. రెండేళ్ళుగా గులాం మొహమ్మద్ మేడగదిలో అద్దెకుంటున్నాడు. గులాం అతన్ని బర్కత్ అంటాడు. ఆటో నడిపే ఎల్లారావయితే వాడొచ్చిన మూడో నెలకే "ఏటి బావా, తిన్నావేటి?" అని భుజం మీద చెయ్యేశాడు.

మూడు నెలలకి బావ! త్రినాథరావు ఈ సందుకొచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆత్రేయపురం పక్క పల్లె నుంచి వచ్చి, పోర్టు టైమాఫీసులో గుమాస్తాగా చేరి, గొడవంటూ లేకుండా రిటైరైన మనిషి. కుళాయి రాకపోతే అర్జీ రాసింది ఆయనే. దీపం వెలగకపోతే కరెంటాఫీసు మెట్లెక్కింది ఆయనే. అయినా ఇప్పటికీ సందుకు ఆయన "టైమాఫీసు గారే". ఆయన వస్తుంటే అరుగు మీద పేకాడేవాళ్ళు సర్దుకుని కూర్చుంటారు. ఆయన దాటిపోయాక మళ్ళీ కాళ్ళు బారజాపుతారు. ఆ కాళ్ళు బారజాపే చప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయనకు వీపు వెనకే వినిపిస్తోంది.

పోనీ, తానేం తక్కువ చేశాడు? ఎవరింటి నుంచి కూర వచ్చినా ఆ పూటే గిన్నె ఖాళీ చేయించి, చింతపండు పెట్టి తళతళా తోమించి, అందులో పూతరేకులో కాజాలో పెట్టి, తానే స్వయంగా వాళ్ళ గడప దాకా పట్టుకెళ్ళేవాడు. "తీసుకోండమ్మా" అని చేతికిచ్చి తిరిగొచ్చేసేవాడు. పరాయివాళ్ళ గిన్నె తన ఇంట్లో ఒక్క రాత్రయినా నిద్ర చేయలేదని ఆయనకు గొప్ప. ఈ బరాకాకేమో, గిన్నె ఇస్తే తిరిగివ్వాలన్న జ్ఞానం కూడా లేదు. సందులోని గిన్నెల్లో సగం వాడి గదిలోనే ఉన్నాయి. ఎవరికీ కోపం లేదు సరికదా, ఆ గిన్నె అడగడానికని వెళ్ళినవాళ్ళు అక్కడే కూలబడుతున్నారు.

"ఆ కుర్రాణ్ణి అలా కళ్ళతో కాల్చెయ్యకండీ" అంది భార్య కామేశ్వరి, కాఫీ గ్లాసు అరుగు మీద పెడుతూ.

"నేనా? నాకేం పనండీ?" అన్నాడాయన. భార్యను కూడా ఆయన అండీ అనే పిలుస్తాడు.

* * *

ఆ వారంలోనే కార్పొరేషన్ నుంచి శ్రీసత్య అనే అధికారి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చేతిలో లావుపాటి ఫైలు. వార్డు సచివాలయంలో కమిటీ పదిమందిని కూర్చోబెట్టి విషయం చెప్పింది.

"మన ఊరికి విదేశీయుల రాక ఎక్కువైంది. చదువులకి కొందరు, ఓడల పనికి కొందరు, రుషికొండ వైపు కంప్యూటరు కంపెనీలకి కొందరు. వాళ్ళు దేశంలో ఉండొచ్చా లేదా అన్నది ఢిల్లీ వాళ్ళు చూసుకుంటారు. ఊళ్ళో ఎలా ఉంటారు, ఇల్లు ఎవరిస్తారు, కష్టమొస్తే ఎవరి తలుపు కొడతారు, అది మన పని. దానికి ఇప్పటిదాకా మన దగ్గర ఒక పద్ధతంటూ లేదు. అందుకే ముందు రెండు మూడు వార్డుల్లో పెట్టి చూద్దామనుకుంటున్నాం."

పద్ధతి ఏమిటంటే, ఏడాదికి మించి ఒక వీధిలో ఉండదలచిన విదేశీయుడికి వార్డు కమిటీ ఒక పరిచయ పత్రం ఇస్తుంది. 'ఈ మనిషి మాకు తెలుసు' అని. అది చూపిస్తే ఇంటి ఒప్పందం దగ్గర్నుంచి గ్యాసు బండ దాకా పని సులువు. లేనివాళ్ళు కంపెనీ హాస్టల్లోనో, కాలేజీ హాస్టల్లోనో ఉండాలి.

"నియమాలు మీరే రాయండి. వీధి సంగతి వీధివాళ్ళకే తెలుస్తుంది. ఎవరు రాస్తారు?"

పదిమందీ ఒకేసారి త్రినాథరావు వైపు చూశారు. రాతపని అనగానే సందుకు గుర్తొచ్చేది ఆయనే.

ఆయన మూడు రోజులు కూర్చుని రాశాడు. మొదటి నాలుగు నియమాలు మామూలువే. అయిదోది రాసేటప్పటికి ఎదుటి మేడ మీంచి ఎల్లారావు పగలబడి నవ్వడం, "ఓరి బావో, సంపీసినావురా" అనడం వినపడింది. త్రినాథరావు కలం ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలినప్పుడు కాస్త గట్టిగా నొక్కి రాసింది.

'ఇంటి యజమాని కాకుండా, వీధిలోని అయిదు కుటుంబములవారు తమకు ఏడాదికి తక్కువ కాని పరిచయమున్నట్లు వ్రాతపూర్వకముగా గాని, తగిన వస్తురూప ఆధారముతో గాని తెలియజేయవలెను.'

ఆ 'వస్తురూప ఆధారం' టైమాఫీసు అలవాటు. ఆ రోజుల్లో కూలీ గేటులో అడుగుపెట్టగానే తన నంబరున్న ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలించాలి. వచ్చానని మనిషి ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు కాదు, బిళ్ళ ఉంటేనే వచ్చినట్టు. చేయి అలవాటు కొద్దీ ఆ మాట రాసేసింది. ఆయన మనసంతా 'వ్రాతపూర్వకముగా' అన్న మాట మీదే ఉంది. ఎందుకంటే ఈ సందు సంగతి ఆయనకు తెలుసు. గంగాలమ్మ ప్రాణమైనా ఇస్తుంది గానీ కాగితం మీద వేలిముద్ర వేయదు.

"అయిదు కుటుంబాలంటే కొంచెం ఎక్కువేమో సార్?" అంది శ్రీసత్య.

"తెలిసినవాడైతే అయిదుగురు దొరకరాండీ?" అన్నాడు త్రినాథరావు, ఎంతో మర్యాదగా.

మొదటి దరఖాస్తు బరాకాదే. ఇంటి ఒప్పందం ఆ నెలాఖరుతో అయిపోతోంది. పరిచయ పత్రం రాకపోతే గది ఖాళీ చేసి, ఊరవతల కంపెనీ హాస్టలుకు పోవాలి. వారం రోజులు గడువు.

* * *

వారమంతా త్రినాథరావు అరుగు దిగలేదు.

అనుకున్నట్టే జరిగింది. బరాకా కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు. గంగాలమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నీకేటి కావాలన్నా ఇత్తాను గానీ నాయినా, ఆ కాయితం మాత్రం నాకు సూపించకు. మా మావ ఏదో కాయితం మీద ఏలిముద్దరేసీసి మూడేళ్ళు కోర్టు సుట్టూ తిరిగినాడు." ఎల్లారావు తల గోక్కున్నాడు. "ఇదరాబాదులో ఒకడు ఇలగే సాచ్చి సంతకం ఎట్టీసి లోపలికెల్లిపోనాడంట బావా. నా లైసెన్సు గానీ పోయిందంటే నా ఇల్లు గడవదు. ఏటనుకోకు." బట్టలు కుట్టే షబ్నం భర్త దుబాయిలో ఉన్నాడు, ఆయన్నడక్కుండా చెయ్యనంది. సందు చివర ఇడ్లీలమ్మే చిట్టమ్మ ఏడ్చింది గానీ సంతకం పెట్టలేదు.

బరాకా చివరి రోజు సాయంత్రం అరుగు ముందు ఆగాడు. "త్రినాథరావు గారూ, నా గురించి మీరొక్కరు ముందు రాస్తే, మిగిలినోళ్ళు కూడా..."

వాడికి అందరూ బావలూ అక్కలూ. తానొక్కడే గారు. ఆ 'గారు' వినగానే త్రినాథరావుకు లోపల ఏదో చిటుక్కుమంది.

"ఆయ్, నేను కమిటీ మనిషినండీ బాబూ. నేను రాయడం బాగోదండి" అన్నాడు.

బరాకా తలూపి వెళ్ళిపోయాడు. ఆ పూట మేడ మీద నవ్వులు లేవు. త్రినాథరావుకు పెసరట్టు రుచిగా అనిపించింది. ఇంకోటి వేయమన్నాడు. కామేశ్వరి పిండి అయిపోయిందంది. పిండి గిన్నెలో పిండి కనిపిస్తూనే ఉంది.

* * *

మర్నాడు పదింటికి వార్డు సచివాలయం నిండిపోయింది. సంతకాలు పెట్టనివాళ్ళంతా చూడ్డానికి మాత్రం వచ్చారు. కామేశ్వరి తలనొప్పంటూ ఇంట్లోనే ఉండిపోయింది.

"బరాకా గారూ, అయిదుగురి సంతకాలు తెచ్చారా?" అని శ్రీసత్య అడిగింది.

"లేదండి."

త్రినాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయిపోయింది. ఇక ఎదురు మేడ మెట్ల మీద చప్పుడుండదు.

"సంతకం లేకపోతే వస్తువు తేవచ్చని రాసినారు కదండి, అయిదో దాంట్లో" అన్నాడు బరాకా. బయటికెళ్ళి ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. బల్ల మీద వంచాడు.

గలగలమని గిన్నెలు పడ్డాయి. స్టీలు గిన్నెలు, మూత గిన్నెలు, ఒక పులుసు చట్టి, రెండు టిఫిను డబ్బాలు. మొత్తం పదకొండు. ప్రతిదాని అంచు మీదా, పెళ్ళినాడో ఇల్లు కట్టిననాడో పూర్ణా మార్కెట్ కొట్లో చెక్కించిన పేరు.

"ఓలమ్మో! ఇది నా పెద్ద గిన్నె! దీపావళికి ముందునించీ దీనికోసమే తిరుగుతన్నాను!" అని గంగాలమ్మ ముందుకు దూకింది. "ఆ సట్టీ నాదే!" అని వెనక నుంచి చిట్టమ్మ. క్షణంలో బల్ల చుట్టూ సంతలా మూగారు. శ్రీసత్య నవ్వాపుకుంటూ ఒక్కో గిన్నె తిప్పి పేరు చదవడం మొదలుపెట్టింది.

త్రినాథరావుకు చెవులు వేడెక్కాయి. తన బిళ్ళ! తన టైమాఫీసు బిళ్ళను వీడు తన మీదకే విసిరాడు. చూస్తూ ఊరుకోగలడా? లేచాడు.

"ఒక్క మాటండి. పేరున్నంత మాత్రాన పరిచయం రుజువు కాదండి. ఎత్తుకొచ్చిన గిన్నె మీద కూడా పేరు ఉంటుంది."

గిన్నెల మీద తడుముతున్న చేతులు ఆగిపోయాయి.

"ఏటీ?" అంది గంగాలమ్మ. "నా గిన్నె ఎత్తుకెల్లినాడనీసి నాను నీకు సెప్పినానేటి, టైమాఫీసు గారూ?"

"మీరు కాదనుకోండమ్మా. పద్ధతి చెబుతున్నాను. ఎవరి గిన్నె వాళ్ళు, ఇచ్చింది మేమేనని అందరి ముందూ నోటితో చెప్పాలి. చెప్పకపోతే అది పోయిన సొత్తు కిందకే వస్తుంది. రాసుకోండి మేడమ్."

శ్రీసత్య రాసుకుంది.

సంతకానికి వెనకాడిన నోళ్ళు మాటకు వెనకాడలేదు. "నాది మూడు. ఒకదాంట్లో సందువా సేప పులుసు, ఒకదాంట్లో రొయ్యలు, ఇంకోటి వాడికి జెరమొచ్చినప్పుడు జావ" అంది గంగాలమ్మ. చిట్టమ్మవి రెండు. ఎల్లారావు ఇంటివి రెండు. "మా ఇంటిదే వండి పంపినాది, బావకి కారం ఎక్కువెయ్యకనీసి నానే అన్నాను" అన్నాడు. షబ్నం గడప దగ్గరే నిలబడి, తన డబ్బాలో రంజాను సేమియా ఇచ్చానంది. జమాలున్నీసావి రెండు గిన్నెలున్నాయి గానీ ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదు.

"బర్కత్, యా అల్లా, నాలుగే అయ్యాయిరా" అని గులాం మొహమ్మద్ నీరసంగా కూర్చున్నాడు.

బల్ల మీద ఒక్క గిన్నె మిగిలింది. పెద్దది, మూతతో. శ్రీసత్య దాన్ని వెలుతురుకు తిప్పింది.

"ఎం. త్రినాథరావు, పోర్టు టైమాఫీసు, విశాఖపట్నం" అని చదివి, తలెత్తింది. "సార్, ఇది మీదా?"

ఆయనదే. మూడు నెలలుగా కనిపించని గిన్నె. పనిమనిషిని అనుమానించి రెండుసార్లు మాట అన్నాడు కూడా. పోకుండా ఉండాలని ఊరి పేరుతో సహా ఆయనే నిలబడి చెక్కించాడు.

"ఇచ్చారా సార్, పోయిందా?"

పోయింది అంటే చాలు. అబద్ధం కూడా కాదు. తనకు తెలిసినంతలో అది పోయిన గిన్నే. ఒక్క మాటతో ఆ మేడ ఖాళీ, ఆ మెట్లు ఖాళీ. నియమం తనదే, రాసుకోండన్నదీ తనే. త్రినాథరావు నాలుక మీదికి ఆ మాట వచ్చి కూర్చుంది కూడా. కానీ అంతకంటే ముందు ఇంకో ప్రశ్న తన్నుకొచ్చింది.

"ఇందులో... ఏముందయ్యా?"

బరాకా తల దించుకున్నాడు. "పనసపొట్టు కూరండి. ఆవ పెట్టినాది."

పనసపొట్టు! ఆ రోజు గుర్తొచ్చింది. ఊరి నుంచి వచ్చిన పనసకాయ. ఇల్లంతా ఆవ ఘాటు. తీరా కంచం ముందు కూర్చుంటే కామేశ్వరి రెండు గరిటెలు వడ్డించి, పొట్టు కొంచెమే వచ్చిందండీ అంది. తన పనసపొట్టు కూర వీడు తిన్నాడు!

"అమ్మ మీకు సెప్పొద్దన్నాది" అన్నాడు బరాకా, మెల్లగా. "సెప్తే మీరు ఆ పూటే గిన్నె తోమించి తెచ్చీమంటారంట. ఇది ఇక్కడే ఉండనీ, నాను ఒచ్చి తీసుకెల్తానన్నాది. మీరు బైటికెల్లినప్పుడు నాలుగుసార్లు ఒచ్చినాది. ఒచ్చిన పెతిసారీ మెట్ల మీద కూకొని గోదారి గురించి, లంకల గురించి, వాళ్ళ చెల్లి గురించి సెప్పినాది. ఎల్లేటప్పుడు గిన్నె మర్సిపోయేది."

ఎవరో కిసుక్కుమన్నారు. గంగాలమ్మ వాళ్ళను మోచేత్తో పొడిచింది.

త్రినాథరావుకు ముందు ఒళ్ళు మండింది. తన భార్య, తనకు చెప్పకుండా, ఎవరి మెట్ల మీదో కూర్చుని! చెల్లెలి గురించి ఇంట్లో ఎప్పుడూ మాట ఎత్తదే. తర్వాత ఆ మంట వేరే చోటికి పాకింది. ఇరవై ఎనిమిదేళ్ళు. ఆవిడ చేతికి వచ్చిన ప్రతి గిన్నెనూ తానే లాక్కుని, తోమించి, నింపి, తానే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేశాడు. గిన్నె అడగడానికి ఈ గుమ్మంలోకి ఎవరూ రాలేదు. ఇంకొక గుమ్మంలోకి వెళ్ళే సాకు ఆవిడకూ మిగల్లేదు. చివరికి సందులో అందరికంటే కొత్తగా వచ్చినవాడి దగ్గర ఒక సాకు దాచుకుంది.

అయినా పనసపొట్టు సంగతి మాత్రం ఆయన గొంతులో అలాగే అడ్డం పడి ఉంది.

"బాగుందా?" అన్నాడు.

"ఉప్పు తక్కువైనాది" అన్నాడు బరాకా, నిజాయితీగా.

సచివాలయం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. త్రినాథరావు నవ్వలేదు. కానీ తనకు వడ్డించిన రెండు గరిటెల్లో కూడా ఉప్పు తక్కువే. ఆ మాట పైకి చెప్పుకోవడానికి ఆయనకు ఇన్నాళ్ళూ ఎవరూ దొరకలేదు.

"ఇచ్చామండి" అన్నాడు శ్రీసత్యతో, కూర్చుంటూ. "మా ఆవిడ ఇచ్చింది. అయిదో కుటుంబం మాదే. రాసుకోండి."

ఎల్లారావు బరాకాను గాల్లోకి లేపేశాడు. ఆ సందడిలో శ్రీసత్య వంగి అడిగింది. "సార్, ఈ అయిదో నియమం ఉంచమంటారా, తీసేయమంటారా? పై వాళ్ళకి పంపాలి."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, 'వ్రాతపూర్వకముగా గాని' అన్న మాట కొట్టేశాడు. వస్తువును ఉంచాడు.

* * *

ఇంటికి వచ్చేసరికి కామేశ్వరికి కబురు ముందే అందిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"కోపమొచ్చిందా?" అంది.

"రాదాండీ మరి? రెండు గరిటెలు నాకూ, గిన్నెడు వాడికీనా?"

"అందుకా కోపం!" అని కామేశ్వరి నవ్వి, నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నమే గంగాలమ్మ చిన్న గిన్నెలో వంజరం పులుసు పంపింది. అన్నాలయ్యాక కామేశ్వరి గిన్నె తోమి, అలవాటు ప్రకారం ఆయన ముందు పెట్టింది. త్రినాథరావు లేచాడు. కాజాల డబ్బా వైపు వెళ్ళాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టేశాడు. గిన్నె తీసుకెళ్ళి పై అరలో, పప్పు డబ్బాల వెనక దాచాడు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఎదురు మెట్లు మాత్రం ఇద్దరు ఎక్కారు, ముగ్గురు దిగారు. రెండో రోజూ అంతే. టైమాఫీసు గారింటికి వెళ్ళిన గిన్నె దానంతటదే వస్తుందని సందుకు నమ్మకం. త్రినాథరావుకు తన మంచి పేరు మీదే అసూయ పుట్టింది. అన్నం సయించలేదు. పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని కామేశ్వరి చెబితే గానీ తెలియలేదు.

మూడో రోజు సాయంత్రం గేటు చప్పుడైంది.

"టైమాఫీసు గారూ! నా సిన్న గిన్నేదీ? ఏటైపోనాది? ఒంట్లో గానీ బాగోలేదేటి మీకు?"

త్రినాథరావు గభాలున లేచి, లేచిన తొందర కనపడకుండా నెమ్మదిగా గుమ్మంలోకి వచ్చాడు.

"ఎక్కడో పెట్టామమ్మా. వెతకాలి. లోపలికి రా, కూర్చో."

ఆ 'రా' విని గంగాలమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాపా పీటా చూడకుండా గోడకు చేరబడి కాళ్ళు బారజాపుకుంది. కామేశ్వరి టీ పొయ్యి మీద పెట్టింది.

త్రినాథరావు వంటింట్లోకి వెళ్ళాడు. పప్పు డబ్బాల వెనక గిన్నె కనిపిస్తూనే ఉంది. దాన్ని ఇంకాస్త లోపలికి నెట్టి, రెండు డబ్బాలు అటూ ఇటూ చప్పుడు చేసి బయటికి వచ్చాడు.

"కనపడ్డంలేదమ్మా. ఇంతకీ, ఆ బరాకా దగ్గర నీ పెద్ద గిన్నె కోసం ఎన్నిసార్లు తిరిగావు?"

"ఆరుసార్లో ఏటో తిరిగినాను. ఎందుకలగ అడుగుతన్నావు?"

"ఏం లేదు" అన్నాడు త్రినాథరావు, ఎదుటి మేడ వైపు ఓరగా చూస్తూ. "ఇక్కడికి ఏడుసార్లు రావాలి మరి."